పంతొమ్మిది కాపీల నవంబరు సంచిక

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున హారో పాయింట్ అనే చిన్న ఊళ్ళో, సీసాల ఫ్యాక్టరీలో వెల్మా స్ట్రోడ్ ఇరవై ఏడేళ్ళు పనిచేసింది. దీపం ముందు నుంచి వరసగా కదిలిపోయే సీసాలను చూస్తూ, వెంట్రుకవాసి బీట ఉన్నదాన్ని కూడా పక్కకు లాగెయ్యడం ఆమె ఉద్యోగం. ఆ ఇరవై ఏడేళ్ళలో ఆమె కన్నుగప్పి బీట సీసా ఒక్కటీ బయటికి పోలేదని మేనేజరు వీడ్కోలు సభలో చెప్పి, జ్ఞాపికగా ఒక సీసా ఇచ్చాడు. ఖాళీదే.

ఊరు మాత్రం ఆమెను సీసాల వల్ల గుర్తుపెట్టుకోలేదు. 'మర్చంట్స్ కోవ్' వల్ల గుర్తుపెట్టుకుంది.

అది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు టీవీలో వచ్చే సీరియల్. ఒంటిగంటన్నరకు ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా సీసాల ముందు ఉంటారు. ఇంట్లో ఉండే అదృష్టవంతులు దాన్ని చూసేవారు. వీళ్ళు వెల్మాను వినేవారు. వెల్మా ప్రతినెలా సరుకుల కొట్టులో బిల్లు వేసే బల్ల పక్కన, చూయింగ్ గమ్ముల మీద వేలాడే 'ఆఫ్టర్నూన్ హార్ట్స్' పత్రిక కొనేది. సీరియళ్ళ కథలు, తారల వంటకాలు, ఎవరు ఎవరితో విడిపోయారనే కబుర్లు, వెనక పేజీల్లో పాఠకుల ఉత్తరాలు, అన్నీ అందులో ఉండేవి. నెలరోజుల కథను పత్రిక రెండు పేజీల్లో కుదించి వేస్తే, వెల్మా ఆ రెండు పేజీలను సాగదీసి మళ్ళీ నెలరోజులు చేసేది.

మధ్యాహ్న భోజనానికి అరగంట. గుడ్డు శాండ్‌విచ్ మొదటి ముక్క దిగగానే వెల్మా మొదలుపెట్టేది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, నలుగురిలో నోరు విప్పి ఎరగని మనిషి, ఆ అరగంట మాత్రం డాక్టర్ లయొనెల్‌గా మారి గొంతు బొంగురు చేసుకునేది, అతని మూడో భార్యగా మారి కళ్ళు తుడుచుకునేది. బల్ల చివర కుర్చీ ఆమెదే. ఆమె సెలవు పెట్టినరోజు కూడా అందులో ఎవరూ కూర్చునేవారు కాదు.

"మీరంతా ఆ పత్రిక కొనుక్కోవచ్చుగా?" అని ఒకసారి కొత్తగా చేరిన పిల్ల అడిగితే, బెర్నడీన్ జెలిన్‌స్కీ ఎగాదిగా చూసింది. "కొనుక్కుని ఏం చేస్తావే, చదువుతావా? ఇంట్లో నలుగురు పిల్లలు, ఒక మొగుడు, ఒక అత్తగారు. పేజీ తిప్పేలోపు ఎవడో ఒకడు మెట్లమీంచి పడతాడు. నోర్మూసుకుని విను."

బెర్నడీన్ వెల్మా కుర్చీ పక్కనే కూర్చునేది. వెల్మాకు స్నేహితురాలంటూ ఉంటే ఆమే.

పంతొమ్మిది వందల డెబ్బై అయిదు జనవరిలో మంచు తుపాను వచ్చి లారీలు ఆగిపోయాయి. పాలు వచ్చాయి, రొట్టె వచ్చింది, పత్రిక రాలేదు. వెల్మా డిసెంబరు కథను ఎంత నీళ్ళు కలిపి సాగదీసినా రెండో వారానికి అడుగంటింది. సోమవారం బల్ల చుట్టూ తొమ్మిది మొహాలు ఆమెనే చూస్తున్నాయి. బెర్నడీన్‌కు అప్పుడు నాలుగో నెల, అయిదో కాన్పు. తిన్నది తిన్నట్టు కక్కుకుంటోంది, ఇంట్లో అత్తగారు సణుగుతోంది, ఆ అరగంట తప్ప ఆమెకు వేరే సుఖం లేదు. "చెప్పవే, డాక్టరుకి స్పృహ వచ్చిందా లేదా?" అంది.

"వచ్చింది. కళ్ళు తెరిచేసరికి పక్కన కొత్త నర్సు," అంది వెల్మా. అనేశాక గాని ఆ నర్సును తానే పుట్టించానని ఆమెకు తెలియలేదు.

"పేరేంటి?"

గంట కొట్టడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. "డెల్ఫీన్," అంది వెల్మా.

పత్రిక రెండువారాల ఆలస్యంగా వచ్చింది. అందులో డాక్టరుకు స్పృహే రాలేదు. అయినా అప్పటికే డెల్ఫీన్ అందరికీ ఆప్తురాలైపోయింది. డెల్ఫీన్ ఎవరికీ జడిసేది కాదు. పెద్ద డాక్టరు కసిరితే ఎదురు కసిరేది. అత్తగారి లాంటి ఒక రోగి ఉంటే, ఆమె నోరు ఒక్కమాటతో మూయించేది. ఆ రోగి సంగతి వచ్చినప్పుడల్లా బెర్నడీన్ బల్ల చరిచేది. అలాంటి నర్సును ఎవరు వెనక్కి తీసుకుంటారు? వెల్మా నాలుగు నెలలు పత్రిక కథను ఒక పక్కా, డెల్ఫీన్‌ను ఒక పక్కా నడిపించింది.

మే నెల వచ్చింది. వచ్చే సోమవారం నుంచి బెర్నడీన్‌కు కాన్పు సెలవు. "రోజూ కాళ్ళు చాపుకుని కూర్చుని నా డెల్ఫీన్‌ని కళ్ళారా చూస్తాను," అని ఆమె మురిసిపోతుంటే వెల్మాకు గొంతులో శాండ్‌విచ్ అడ్డం పడింది. ఇక మిగిలిన దారి ఒక్కటే. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు అయిదు నిమిషాలుండగా, వెల్మా ఆ నర్సును లాంచీ ఎక్కించి సరస్సులో ముంచేసింది.

బల్ల దగ్గర ఎవరూ నమలలేదు. బెర్నడీన్ ఆశ చంపుకోలేక, "శవం దొరికిందా?" అని అడిగింది. సీరియల్ తెలిసినవాళ్ళకు అదే ముఖ్యం. శవం దొరకకపోతే ఆరు నెలలకో ఏడాదికో, మతిపోయో మొహం మారో, మనిషి తిరిగొస్తుంది. డాక్టర్ లయొనెల్ అప్పటికే అలా రెండుసార్లు వచ్చాడు. వెల్మాకు మాత్రం ఈ నర్సు పీడ శాశ్వతంగా విరగడ కావాలి.

"దొరికింది," అంది.

"అయితే నిజంగానే పోయింది," అని బెర్నడీన్ కడుపుమీద చెయ్యి వేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

జూన్‌లో ఆడపిల్ల పుట్టింది. బాప్తిస్మం నాడు చర్చి కింది హాల్లో, హామ్ ముక్కలూ బంగాళాదుంపల సలాడూ వడ్డిస్తుండగా వెల్మా బిడ్డ పేరు విన్నది. డెల్ఫీన్ అట. చేతిలో పళ్ళెం ఒరిగి సలాడ్ ఫాదర్ గారి బూటు మీద పడింది. ఆయన క్షమించాడు, అది ఆయన వృత్తి.

అంతటితో ఆగలేదు. "వెల్మా, ఇది విను. ఆరు వారాలు ఆ సీరియల్ చూశాను. ఆ పిల్ల పోయిందని ఒక్కడైనా కన్నీరు పెట్టాడా? పేరైనా ఎత్తాడా? నా ఒళ్ళు మండిపోయింది. పత్రికకి ఉత్తరం రాశాను," అంది బెర్నడీన్. పక్కనే ఉన్న అత్తగారు నవ్వింది. "ఎనిమిదో తరగతి చదువుకి నీ ఉత్తరం అచ్చేస్తారా! అచ్చైన రోజు నన్ను పిలు, బీట్‌రూట్ ఎర్రచారు నేనే వండి నీకు వడ్డిస్తాను," అంది. ఆ అత్తగారు బతికుండగా కోడలికి గ్లాసు మంచినీళ్ళయినా అందించి ఎరగదు.

నవంబరు సంచికలో ఉత్తరం అచ్చైంది. కింద సంపాదకుల జవాబు కూడా ఉంది. వెల్మా కొట్టులో నిలబడే చదివింది. ఆ కొట్టులో ఉన్న కాపీలన్నీ కొంది, రెండో కొట్టుకు వెళ్ళింది, బస్సెక్కి ఊరిచివర మూడో కొట్టుకూ వెళ్ళింది. మొత్తం పంతొమ్మిది. తర్వాతివారం బెర్నడీన్, "ఎక్కడా దొరకట్లేదేమిటే ఈసారి? నా ఉత్తరం వచ్చిందా?" అని అడిగితే, "రాలేదు. అలాంటివి వాళ్ళు చెత్తబుట్టలో పడేస్తారు," అంది. బెర్నడీన్ ఇంకో రెండు నెలలు అడిగి మానేసింది.

ఆ పంతొమ్మిదింటినీ వెల్మా నేలమాళిగలో, ఇల్లు వెచ్చబెట్టే కొలిమి వెనక పెట్టెలో కట్టిపడేసింది. కొలిమి మూత తెరిస్తే ఒక్క నిమిషం పని. చాలాసార్లు తెరిచింది కూడా. కాని అచ్చులో పడ్డ బెర్నడీన్ పేరును మంటలో వెయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

ఫ్యాక్టరీ మూతపడింది. సీరియలూ పోయింది, పత్రికా పోయింది. వెల్మాకు డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చి, మెట్లు ఎక్కలేక పెద్దవాళ్ళ అపార్టుమెంటులోకి మారుతూ, పాత పత్రికలన్నీ ఊరి లైబ్రరీకి ఇచ్చేసింది. పెట్టెలు మోసుకెళ్ళిన మనుషులు కొలిమి వెనకది కూడా మోసుకెళ్ళారు. చెప్పినదానికంటె ఎక్కువ పనిచేసే మనుషులు ఆ ఊళ్ళో ఆ ఇద్దరే ఉన్నారు.

లైబ్రరీ అమ్మాయి టెస్ ఫోను చేసింది. "వెల్మా గారూ, మీవన్నీ ఆణిముత్యాలండీ! శనివారం ప్రదర్శన పెడుతున్నాం. ఒక్క సంచికవి మాత్రం పంతొమ్మిది కాపీలున్నాయి. అంత ఇష్టమా మీకది?"

"ఇష్టం కాదు తల్లీ. అవి నాకు తిరిగిచ్చెయ్యి."

"అయ్యో, ఎలాగండీ! మిగతావన్నీ ఒక్కో కాపీయే కదా, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాం. ఇవి బోలెడున్నాయి కాబట్టి వీటినే బల్లమీద పరిచాం, వచ్చినవాళ్ళు చేత్తో పట్టుకుని పేజీలు తిప్పుకోడానికి."

ముప్ఫై నలభై ఏళ్ళనాటి పత్రికలన్నీ తాళం వెనక క్షేమంగా ఉన్నాయి. ఊరంతా తిరగెయ్యాల్సింది ఈ ఒక్కటే. వెల్మా శనివారందాకా సరిగా తినలేదు. నిజం బయటపడితే తనను అబద్ధాలకోరు అంటారని ఆమె బాధ కాదు. ఫ్యాక్టరీ పోయినా, తొమ్మిదిమందిలో ఏడుగురు పోయినా, ప్రతి ఆదివారం సాయంత్రం బెర్నడీన్ ఫోను చేస్తూనే ఉంది. ఆ ఫోను ఆగిపోతుందని భయం. ఆమెకు ఫోను చేసే మనిషి ఇంకెవరూ లేరు.

శనివారం బెర్నడీన్ చేతికర్రతో వచ్చింది. ఆమెను తీసుకొచ్చింది కూతురు డెల్ఫీన్. ముప్ఫై మూడేళ్ళ మనిషి, స్కూలు బస్సు డ్రైవరు. ఎనభైమంది పిల్లలను ఒక్క కేకతో కూర్చోబెట్టగలదు.

"వెల్మా అత్తా, ఇవాళ ఎలాగైనా నా పేరున్న నర్సు ఫోటో చూడాలి. పుట్టినప్పటినుంచీ అమ్మ చెప్తూనే ఉంది. ఏ సంచికలో ఉంటుంది?"

"వాళ్ళు నర్సుల ఫోటోలు వేసేవారు కాదమ్మా," అంది వెల్మా. ఎదురుగా అద్దాల బీరువాలో అట్టమీద నర్సుల ఫోటోలే ఆరున్నాయి.

డెల్ఫీన్ బల్ల దగ్గర కూర్చుని నవంబరు సంచిక మొదటి పేజీ నుంచి తిప్పసాగింది. వెల్మా ఆమెకు బిస్కట్లు తెచ్చింది, జ్యూసు తెచ్చింది, కిటికీ బయట ఉడుత ఉందంది. డెల్ఫీన్ ఉడుత కోసం తలెత్తలేదు.

"అమ్మా! ఇక్కడ నీ పేరుంది!"

ఆమె ఉత్తరమంతా మనసులో చదువుకుంది. కింది జవాబు కూడా చదివి, దాన్ని మాత్రం మెల్లగా పైకి చదివింది. "బెర్నడీన్ గారూ, మా కథల దస్త్రాలన్నీ వెతికాం. 'మర్చంట్స్ కోవ్'లో డెల్ఫీన్ అనే నర్సు ఎన్నడూ లేదు. మీరు వేరే సీరియల్ చూస్తున్నట్టున్నారు."

చదివి వెల్మా వైపు చూసింది. ఇరవై ఏడేళ్ళు సీసాల్లో బీటలు పసిగట్టిన మనిషికి తన మాటల్లో బీట ఎక్కడుందో చూపించక తప్పలేదు. మంచు తుపాను, రాని పత్రిక, లాంచీ, మూడు కొట్లు, అంతా చెప్పేసింది. చెప్తున్నంతసేపూ నేలనే చూసింది.

ముందు డెల్ఫీన్ మాట్లాడింది. "అంటే నాకు పేరు పెట్టింది నువ్వా, అత్తా?"

ఈ ముప్ఫై మూడేళ్ళలో వెల్మాకు ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. తల ఊపింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బెర్నడీన్ మాత్రం కర్ర నేలకేసి కొట్టింది. "నర్సు లేకపోతే పోయింది! అందులో నిజంగా ఉన్నదెవడు గనక? ఆ డాక్టరు మూడుసార్లు చచ్చి లేచాడు! ఈ ఉత్తరం నాది వెల్మా. ఇది నిజంగా ఉంది. నేను రాశాను, వాళ్ళు అచ్చేశారు. నువ్వు చెత్తబుట్టలో పడేశారన్నావు! మా అత్తగారు ఇంకో పదకొండేళ్ళు బతికింది. పదకొండేళ్ళూ నన్ను చూసి నవ్వి, ఆ నవ్వుతోనే పోయింది. నా ఎర్రచారు ఎవరు వండుతారిప్పుడు?"

"నేను వండుతాను," అంది వెల్మా.

"నీ వంట నాకు తెలీదా! అక్కర్లేదు. లేచి నిలబడు. నా ఉత్తరం చదువు. పైకి. అందరికీ వినపడేట్టు, అప్పట్లాగా."

హాల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వెల్మా ఒక కాపీ తీసుకుంది, బెర్నడీన్ ఇంకో కాపీ తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుంది. వెల్మా మొదటి వాక్యం వణుకుతూ చదివింది. రెండో వాక్యానికి ఆమె వీపు నిటారయింది. మూడోదానికి ఆ గొంతు బెర్నడీన్ గొంతే అయిపోయింది, కోపంతో సహా. ఒక నర్సు చచ్చిపోతే ఆస్పత్రిలో ఒక్క మనిషి కూడా ఏడవకపోవడం ఏం పద్ధతని అడుగుతుంటే, టెస్ ముక్కు చీదుకుంది.

"జవాబు కూడా చదువు," అంది బెర్నడీన్.

వెల్మా పేజీ కాస్త దూరం పెట్టి చూసింది.

"బెర్నడీన్ గారూ, మీ ఉత్తరం చదివి మేము సిగ్గుపడ్డాం. తప్పు మాదే. దొరికిన శవం వేరెవరిదో. డెల్ఫీన్ బతికే ఉంది. ఎవరికీ జడవదు, ఎవరి నోరైనా ఒక్క కేకతో మూయిస్తుంది."

బెర్నడీన్ తన కాపీలో వేలు పెట్టి, వరసవరసా వెతికింది.

"నా దాంట్లో అలా లేదే?"

"నీ దాంట్లో అచ్చుతప్పు పడింది," అంది వెల్మా.