గోస్తని అడుగు

భీమిలిలో గోస్తని ఒడ్డున ఉన్న మా ఆయన పడవను ఆ శనివారం సాయంత్రం ఐదింటికి ఒక రిసార్టువాళ్ళు లారీ తెచ్చి పట్టుకుపోవాలి. తోటలో పెట్టి అందులో పూలమొక్కలు వేస్తారట. ఆయన పోయాక పడవను చూసుకుంటున్న మా మరిది అప్పలకొండ మాటిచ్చేశాడు. నా మనవరాలు నూకరత్నం అడ్డుపడింది. అది ఉద్యోగం చేస్తూనే తెరచాప కట్టి పడవ నడపడం నేర్చుకుంది. ఏరు చూడవచ్చేవాళ్ళను ఇందులో తిప్పుతానంటుంది. మరిది షరతు పెట్టాడు. వంతెన దగ్గర బయల్దేరి, కొబ్బరితోటల పైరేవు ముట్టుకుని, ఐదు లోపల తిరిగి రావాలి. గాలీ నీరూ తప్ప ఏదీ పడవను తోయకూడదు. ఇంజను, తెడ్డు, గెడతో నెట్టడం, దిగి లాగడం ఏవీ కుదరవు. వస్తే పడవ దానిది.

తోడుగా ఒకరుండాలి. దాని స్నేహితులు ఎండ అన్నారు. చివరికి నన్నడిగింది. ఆడది కాలు పెడితే పడవ కలిసిరాదని దానికి చెప్పినదాన్ని నేనే. కాపురం చేసినన్నాళ్ళూ ఆ పడవ ఎక్కలేదు. అయినా మంచి చెక్క పూలకుండీ కావడం నాకు నచ్చలేదు.

ఉదయం ఏడింటికి సీతమ్మధారలో బయల్దేరాం. ఆటో దండగని మద్దిలపాలెం దాకా నడిచాం. తగరపువలస బస్సులో ఆడవాళ్ళకు డబ్బు పుచ్చుకోరు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు నా కార్డు చూసి, “మామ్మా, ఫోటోలో నవ్వు నేదేటి?” అన్నాడు.

“నవ్వితే ఏసీ బస్సు ఎక్కిత్తావేటి? టికెట్టు కొట్టు” అన్నాను.

ఎనిమిదింబావుకు తగరపువలసలో దిగి, షేరాటోలో తొమ్మిదికి ముందే భీమిలి చేరాం. తినడానికి ఇంటి నుంచి పులిహోర, రెండు సీసాల నీళ్ళు. వెళ్ళేవాళ్ళు తలకు గుడ్డ మరిచిపోకండి, ఏటి మీద నీడ ఉండదు.

పదకొండున్నరకు సముద్రం మంచి పోటు మీదుంది, నీళ్ళు ఏట్లోకి వస్తున్నాయి. తెరచాప ఎత్తాం. మరిది మోపెడ్ మీద గట్టునే వస్తూ, “ఒదినా, దిగిపో. నీ నడుం ఇరిగితే అన్నయ్య కల్లోకొచ్చి నన్ను తిడతాడు” అని అరిచాడు.

“నీకు తిట్లు కొత్తేటి?” అన్నాను.

గాలి వెనకనుంచి, పోటు కిందనుంచి తోస్తుంటే పడవ చప్పుడు లేకుండా సాగింది. ఒంటిగంటకు పైరేవు. పులిహోర తిని, ఆటు మొదలవగానే వెనక్కి తిప్పాం.

అసలు పని అప్పుడే పడింది. గాలి ఇప్పుడు ముఖానికి కొడుతోంది. గాలికి నేరుగా ఎదురుపోవడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. ఒకసారి ఈ ఒడ్డుకు, ఒకసారి ఆ ఒడ్డుకు వంకరలు తిరుగుతూ పోవాలి. పడవ పక్కకు కొట్టుకుపోకుండా అంచున ఒక పలక నీళ్ళలోకి దించుతారు. లోతు లేనిచోట అదే దిగబడుతుంది. మూడో వంకరకే దిగబడింది.

గట్టు మీద మరిది నవ్వాడు. “లారీ డ్రైవరుకి ఫోను సేసీనా, నూకా?”

పలక పైకి లాగి, ఇద్దరం ఒక పక్కకు ఒరిగితే పడవ ఎలాగో కదిలింది. నూకరత్నం తెరచాప తాడు బిగించింది. “అమ్మమ్మా, నీళ్ళు తీసీతన్నాయి. ఇంకొక్కసారి తగిలితే ఇక్కడే ఉండిపోతాం.”

నేను గెడ అందుకున్నాను.

“గెడ ముట్టకూడదు” అని మరిది మోపెడ్ ఆపాడు.

“తోత్తన్నానేటి? అడుగుని అడుగుతన్నాను.”

నా పుట్టిల్లు ఈ ఏటి ఒడ్డునే. ఆటు దిగే వేళ సగం రోజులు బడి వేళకే రావడంతో నా చదువు మూడో తరగతిలో ఆగింది. పెళ్ళయ్యేదాకా ఈ ఏట్లో మొలలోతు నీళ్ళలో నడిచి, కాలివేళ్ళతో గుల్లలు ఏరాను. మగవాళ్ళు ఏటిని పైనుంచి చూశారు, నేను కిందనుంచి చూశాను. ఇసకమేటలు అప్పటిచోట లేవు. కానీ గుల్ల పెరిగేచోట లోతుండదు, అది మారలేదు. గెడ ఆనిస్తే కరకరమన్నది గుల్ల, తిప్పేయాలి. మెత్తగా దిగితే బురద, ఇంకా పోవచ్చు.

“తిప్పు” అంటే తిప్పింది. “ఆగు” అంటే ఆగింది. ఆఖరి మలుపులో మాత్రం ఎదురు చెప్పింది.

“ఒడ్డు మీదకెళ్ళిపోతన్నాం అమ్మమ్మా. నీళ్ళు నల్లగా ఉన్నాయి అటు, అక్కడ లోతు.”

“అది నాచు. అందులో నిలబడ్డ కొంగ మోకాలు కనిపిత్తంది సూడు, లోతు నేదు. ఒడ్డు ఎంటే పో.”

పళ్ళు బిగించి పోనిచ్చింది. గెడకు అడుగు అందలేదు. పడవ పక్కకు ఒరిగి, ఒడ్డు గడ్డిని రాసుకుంటూ మలుపు దాటింది. ఎదురుగా వంతెన, దాని పక్కన లారీ.

నాలుగూ నలభైకి వంతెన దగ్గర ఒడ్డు చేరాం. మరిది మోపెడ్ దిగి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. తరవాత డ్రైవరుతో, “ఎల్లిపో బాబూ, ఈ పడవకి పనుంది” అన్నాడు. తాడు నూకరత్నం చేతిలో పెట్టి, “ముడి నువ్వే ఏసుకో, ఇకనించి” అన్నాడు.

ఆరింటి బస్సులో సీటు దొరికింది. నూకరత్నం కిటికీకి తలవాల్చి నిద్రపోయింది. నా చీర కుచ్చిళ్ళు బురద, అరచేతులు బొబ్బలు. ఇన్నేళ్ళలో అంత ఆకలిగా, అంత తేలికగా ఇంటికి ఎప్పుడూ పోలేదు.

పక్క సీటు చేపలావిడ బురద చూసి, “ఎక్కడికెల్లొత్తన్నావు మామ్మా?” అంది.

“పడవ మీద పైరేవుకి.”

“ఎవులి పడవ?”

“నా మనవరాలిది” అన్నాను, బస్సంతా వినేలా.