కత్తిపీట మీది కాలు

జాలరిపేట కాశమ్మ ఎక్కడికెళ్ళినా ముందు చంకకర్రలు ఊనడానికి నేల చూసుకుంటుంది, ఆ తరువాతే మనుషుల్ని చూస్తుంది. లారీ గుద్ది కుడికాలు తుంటిదాకా పోయాక వచ్చిన అలవాటది. చేపలు కోసేటప్పుడు కత్తిపీటను తొక్కిపట్టింది అన్నేళ్ళూ ఆ కాలే. ఇప్పుడు ఎడమకాలితో తొక్కితే కుడివైపు ఆనిక లేక ఒరిగిపోతుంది. అయినా బేరం మానలేదు. గోడకు జారబడే కోసింది, జాలిగా చూసినవాళ్ళకు రేటు పెంచి చెప్పింది.

కృత్రిమ కాళ్ళు అమర్చే శివరామకృష్ణ ఆమె నడుముకు తొట్టిలాంటి ప్లాస్టిక్ ఒర బిగించాడు. దానికి కొత్త కాలు తగిలించి, రెండుపక్కలా ఉన్న కడ్డీలు పట్టుకుని నడవమన్నాడు. కాశమ్మ నడవలేదు. సంచిలోంచి కత్తిపీట తీసి, పొట్టి పీట మీద కూర్చుని, రబ్బరు పాదాన్ని చేత్తో ఎత్తి కత్తిపీట మీద పెట్టింది. ఒర అంచు పొట్టలో గుచ్చుకుంది. అక్కడ గోటితో గీత గీసింది.

"ఇక్కడ సెక్కీయండి బాబూ."

"ముందు నడక నేర్చుకోవాలమ్మా. కింద కూర్చోడం తరవాత సంగతి."

"నడవడానికి కర్రలున్నాయి. నాను కాలడిగింది కూకోడానికి."

సంచిలోంచి కానాగంత చేప తీసి, తల కోసి పక్కన పెట్టింది. కత్తిపీట కదల్లేదు. గోడ లేకపోయినా కాశమ్మ ఒరగలేదు.