మేనత్త తీయించిన గొళ్ళెం

మా మేనత్త పోయిందని మొన్న తాండూరు నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం కందిపప్పుతో కడుపునిండా తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మళ్ళీ లేవలేదట. నిద్రంటే ఆమెకు మొదటి నుంచీ గౌరవమే.

తల్లి లేని నన్ను పెంచింది ఆమే. నాన్న ఏ మాటకైనా "మా అక్కనడుగు" అని తప్పుకునేవాడు. నేను వికారాబాద్ హైస్కూల్లో సైన్సు చదువుతానన్నప్పుడూ అంతే. ఆమె సరేనంది. నేనే అంతటితో ఊరుకోక, ప్రయోగశాల ఎట్లా ఉంటుందో చూపిద్దామని ఆమెను ఊళ్ళోకొచ్చిన డేరా టాకీసుకు తీసుకెళ్ళాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

అది భయపెట్టే ఇంగ్లీషు సినిమా. ఒక శాస్త్రవేత్త నిద్రే అక్కర్లేకుండా చేసే మందు కనిపెట్టి, గదికి గొళ్ళెం పెట్టుకుని తానే తాగుతాడు. కళ్ళు కోడిగుడ్లంత అవుతాయి. ఇక హాయిగా నిద్రపోయేవాళ్ళను చూస్తే ఓర్వలేక పీకలు పిసుకుతాడు. భార్య పళ్ళెం పట్టుకుని తలుపు కొడుతుంటే, డేరాలో అందరూ బిగుసుకుపోయారు. మా అత్త మాత్రం లేచి నిలబడింది.

"తలుపు తియ్యి నాయినా! జర బువ్వ తిను!"

వెనకవాళ్ళు ఎంత కసిరినా కూర్చోలేదు.

ఇంటికొచ్చాక, "గసొంటి గదిలకు నిన్ను పంప" అని తేల్చేసింది.

"అది సినిమా అత్తమ్మా. గా మందు తాగి పిచ్చోడైండు."

"మందుతోని కాదు బిడ్డా. తలుపేసుకున్నందుకు అయిండు."

రెండు రోజులు అన్నం మానేశాను. మూడోనాడు నన్ను వెంటబెట్టుకుని వికారాబాద్ రైలెక్కింది.

సైన్సు సారు గదంతా చూపించాడు. ఆమె సీసాల వంక చూడనేలేదు, నేరుగా తలుపు వెనక్కి వెళ్ళింది.

"సారూ, గీ గొళ్ళెం ఎందుకు?"

"ప్రయోగం నడుస్తుంటె పిల్లలు జొరబడకుండ అమ్మా."

"రానియ్యుండ్రి. లోపల ఏం జేస్తున్రో నలుగురు చూడాలె. ఇది తీస్తె నా బిడ్డ చదువుతది. లేకుంటె ఇంటికి తీస్కపోత."

సారు నవ్వాపుకుంటూ నా వైపు చూశాడు. నా మొహం చూసి నవ్వు మానేసి, మరలు విప్పాడు.

ఇప్పుడు నేనూ సైన్సు టీచర్నే. అది ఆమె చలవేనని ఒక్కసారైనా ఆమెతో అనలేదు.

ఆరోజు సారు గొళ్ళేన్ని బల్ల మీద పెట్టాడు. మేం గడప దాటగానే మళ్ళీ బిగిస్తాడని ఆమె అనుమానం. అడక్కుండానే దాన్ని తీసి కొంగున ముడేసుకుంది. తిరుగు రైల్లో ధారూరు దాటి తాండూరు వచ్చేదాకా ఆ ముడిని పిడికిట్లో బిగించి పట్టుకునే కూర్చుంది.