ఆమె పేరు చెప్పింది నేనే

ఏళ్ల తరబడి ఒక సంగతి మోస్తున్నాను. బరువు అనడానికి సిగ్గుగా ఉంది. బరువు మోసేవాడికి ఒళ్లు నొప్పి పుడుతుంది. నేను మాత్రం వేళకు తిన్నాను, నిద్రపోయాను, పూలదండ వేయించుకుని రిటైరయ్యాను. అయినా మీకు చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

సికింద్రాబాదులో ఒక మున్సిపల్ ఆఫీసు. ఇళ్ల ప్లాన్లకు అనుమతులిచ్చే సెక్షన్‌లో పని చేశాను. సమాచార హక్కు కింద జనం పెట్టుకునే దరఖాస్తులు నా టేబుల్ మీదికే వచ్చేవి. మా దృష్టిలో దరఖాస్తు అంటే ఏమిటో తెలుసా? దురద. పైవాళ్లు విసుక్కునేవాళ్లు, మేం నవ్వుకునేవాళ్లం. జనం సొమ్ముతో నడిచే ఆఫీసులో కూర్చుని, జనానికి కాగితం చూపించడమంటే మా ఇంటి వంటగది చూపించినట్టు మొహం మాడ్చుకునే మందలో నేనూ ఒకణ్ణి.

చిలకలగూడ నుంచి కవిత అనే ఆవిడ వచ్చింది. భర్త పోయాడు. ఇంటి ముందు గదిలో బ్యూటీ పార్లర్ పెట్టుకుని కూతుర్ని చదివించుకుంటోంది. పక్క జాగాలో ఒక బిల్డర్ అపార్ట్‌మెంట్ లేపుతున్నాడు. రెండు కట్టడాల మధ్య నిబంధన ప్రకారం వదలాల్సిన ఖాళీ వదలకుండా, గోడను ఆమె వంటింటి కిటికీ దాకా తెచ్చేశాడు. పట్టపగలు లైటు వేసుకుని వండుకోవాల్సి వస్తోంది. ఆమె అడిగింది ఒక్కటే: ఆఫీసు అనుమతిచ్చిన ప్లాన్ నకలు. ఇచ్చి తీరాల్సిందే. ఫైలు నా వెనక బీరువాలోనే ఉంది.

కుర్చీ చూపించాను. మంచినీళ్లు తెప్పించాను. "ఇస్తమమ్మా, ఫికర్ చేయకు" అన్నాను. మర్యాదకు నాకేమీ ఖర్చు కాదు కదా.

ఆమె మెట్లు దిగి గేటు దాటిందో లేదో, బిల్డర్‌కు ఫోన్ చేశాను. ఎవరు అడిగారో, ఏం అడిగారో, అంతా చెప్పాను.

డబ్బు కోసం అనుకుంటున్నారా? పైసా ముట్టలేదు. అది నా గొప్పతనం అనుకోకండి. లంచం తినేవాడికి తాను ఏం అమ్ముకుంటున్నాడో కనీసం తెలుస్తుంది. ఆ బిల్డర్ నలుగురి ముందు నా భుజం మీద చెయ్యి వేసి "మా సారు" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం. తల నెరిసిన మనిషిని, ఆ పిలుపు కోసం తోక ఊపాను.

అక్కడితో ఆగానా? "ఇప్పుడేం చేద్దాం సార్?" అన్నాడతను. సలహా నాదే. "ఆమె పార్లర్‌కు మాత్రం పర్మిషన్ ఏడున్నది?" అన్నాను. ఆ గల్లీలో జిరాక్స్ షాపుకు లేదు, ట్యూషన్ సెంటర్‌కు లేదు, ఎవరికీ లేదు. నోటీసు మాత్రం ఆమెకే వెళ్లింది. ఏ నిబంధన కింద పట్టుకోవచ్చో వెతికి వెతికి నేనే రాశాను. ఎంత శ్రద్ధగా రాశానని! ఆ శ్రద్ధలో ఆవగింజంత పెట్టినా ఆమె నకలు ఆమె చేతికి వెళ్లిపోయేది. మా అధికారి చదవకుండా సంతకం చేశాడు. ఆయన చదివి సంతకం చేసిన కాగితం నేనెన్నడూ చూడలేదు. పార్లర్‌కు సీలు పడింది.

ఆమె మళ్లీ వచ్చింది. నేరుగా నా దగ్గరికే.

"సార్, బిల్డర్ మనుషులు గేటు కాడికొచ్చి నేను దరఖాస్తుల ఏం రాసిన్నో మాటకు మాట చెప్పిన్రు. వాళ్లకెట్ల తెలిసింది సార్?"

"ఈ ఆఫీసుల ఎవర్ని నమ్ముతమమ్మా. నేనైతే ఎవ్వరికీ చెప్పలే."

"అయ్యో, మీ మీద నాకు అనుమానం లేదు సార్. ఇంత పెద్ద ఆఫీసుల నన్ను కూసోమన్నది మీరొక్కరే. జెర మీరే చెప్పున్రి, దరఖాస్తు వాపస్ తీసుకుంటే సీలు తీస్తరా?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అంత భయమెందుకు? ఆమె నన్ను ఏం చేయగలదు? నా ఉద్యోగం ఊడేదా? లేదు. ఆమె కళ్లలో నా మీదున్న గౌరవం పోయేది, అంతే. దొంగతనంగా దొరికిన ఆ గౌరవాన్ని కూడా వదులుకోలేకపోయాను.

"తీస్తరనుకుంట" అన్నాను. తెల్లకాగితం ఇచ్చాను. సమాచారం నాకు అవసరం లేదు అని ఎలా రాయాలో దగ్గరుండి చెప్పాను. రాసి, థ్యాంక్స్ చెప్పి వెళ్లింది.

సీలు తీయడానికి మా వాళ్లు తాపీగా, నెలలకు నెలలు తీసుకున్నారు. ఈలోగా ఆమె దగ్గరికి అలవాటుగా వచ్చే ఆడవాళ్లంతా వేరే చోటికి వెళ్లడం మొదలుపెట్టారు. పార్లర్ మళ్లీ తెరుచుకోలేదు. గోడ మాత్రం ఐదంతస్తులు లేచింది. గృహప్రవేశానికి నన్ను పిలిచారు. వెళ్లాను. ముందు వరసలో కూర్చున్నాను.

రిటైరైన రోజు మా అధికారి మైకు పట్టుకుని, అడిగిన సమాచారం ఇవ్వలేదంటూ నా సెక్షన్ మీద ఒక్క అప్పీలు కూడా రాలేదని మెచ్చుకున్నాడు. ఎందుకు రాలేదో తెలిసిన నేను చేతులు జోడించి నవ్వాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మొన్న మారేడ్‌పల్లిలో మా ఆవిడను ఒక పార్లర్ దగ్గర దింపడానికి వెళ్తే, లోపల కవిత కనిపించింది. ఎవరిదో షాపు, ఆమె జీతానికి పనిచేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "ఈ సారు శానా మంచోరు మేడమ్" అని మా ఆవిడతో చెప్పింది. మా ఆవిడ పొంగిపోయింది. నేను? బండి స్టార్ట్ చేశాను.

ఆమెకు చెప్పలేదు. బహుశా చెప్పను కూడా. చెప్తే ఆమె ఏమంటుందో అన్న భయం ఒకటైతే, ఏమీ అనకుండా ఊరుకుంటుందేమో అన్న భయం అంతకన్నా పెద్దది. మీరు నన్ను ఏమీ చేయలేరు గనక మీకు చెప్పాను. ఇదీ పిరికితనమే, నాకు తెలుసు. క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు?

అయినా రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆమెకు ఒరిగిందేమీ లేదు. సుఖం మళ్లీ నాకే దక్కింది.