టైర్లు వేడెక్కాలి

కారు టైర్లు వేడెక్కందే యలమందయ్య ఊరు కదలడు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. ఈ ఒక్కటీ ఊరందరికీ సరిపోయేంత ఉంది.

మిరపకు మంచి ధర పలికిన ఏడాది గుంటూరు వెళ్ళి, ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగనంత పెద్ద బండి కొన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? దానికి చాపలంత వెడల్పు టైర్లు వేయించాడు. ఎండాకాలపు టైర్లట, వేగం కోసమే చేసినవట. ఆర్నెల్లు మామూలుగానే తోలాడు. ఒక మాఘమాసంలో ఉన్నట్టుండి కొత్త సంగతి బయటపెట్టాడు. వేడెక్కితే తప్ప అవి రోడ్డును పట్టుకోవని షాపతను చెప్పాడన్నాడు. టైర్లు రోడ్డును పట్టుకున్నాయో లేదో గానీ, యలమందయ్య ఆ మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

ఇక ఎక్కడికి బయలుదేరినా ముందు ఊరి బయట రోడ్డు మీద అటూ ఇటూ చుట్లు కొట్టాల్సిందే. పక్కసీట్లో భార్య కోటిరత్నం పట్టుచీర కట్టుకుని, ఆ వచ్చిన దారే మళ్ళీ మళ్ళీ చూస్తూ కూర్చోవాల్సిందే. రోహిణి కార్తెలో కూడా ఇదే తంతు.

"ఏవండీ, తారు కరిగి చెప్పులకంటుకుంటోంది. ఇంకా ఏం వేడెక్కాలండీ?"

"అది రోడ్డు వేడి రత్నం. టైరు వేడి వేరు."

టీకొట్టు జాన్ బాషా ప్రతి చుట్టుకూ బయటికొచ్చి అరిచేవాడు. "ఏం యలమందయ్య గారూ, ఉడికినయ్యా?"

"ఇంకో పొంగు రావాలి బాషా!"

ఆ టైర్లకు రేగడి మట్టంటే గిట్టదు. మొదటి వానకే బండి చేలో కూరుకుపోతే ఎడ్లను కట్టి లాగించారు. దిగి తొయ్యమంటే, "స్టీరింగ్ ఎవరు పట్టుకుంటార్రా?" అని లోపలే కూర్చుని, ఎడ్ల వెనక దర్జాగా హారన్ కొట్టుకుంటూ ఊళ్ళోకొచ్చాడు.

అత్తగారికి తేలు కుట్టిన రోజు మాత్రం ఒక్క చుట్టయినా కొట్టకుండా ఆస్పత్రికి తోలాడు. అదేమని అడిగితే, "మీ అమ్మ తిట్టిన తిట్లకు టైర్లేం ఖర్మ, ఇంజనే వేడెక్కింది" అన్నాడు.

ఈ వేడి పుణ్యమా అని కోటిరత్నం ఏ పెళ్ళికి వెళ్ళినా తాంబూలం వేళకే చేరేది. చుట్టాలంతా ఆమెను ఆటపట్టించేవాళ్ళు. అందుకే అక్క కూతురు హారిక పెళ్ళికి గట్టిగా ఒట్టు పెట్టించుకుంది. తన చేతుల్లో పెరిగిన పిల్ల. తాళి కట్టడం కళ్ళారా చూడాలి. పెళ్ళి మాఘంలో, పర్చూరులో. ముహూర్తం మధ్యాహ్నం.

ఆ రోజు తెల్లారేసరికే ఆకాశం మబ్బు పట్టింది. ఊరు దాటగానే బండి నెమ్మదించింది. రోడ్డు మీద వాళ్ళ ఊరి ఖుర్షిదా తన చేలో పీకిన ఉలవచెట్లు పరిచి ఉంచింది. అలా పరిస్తే వచ్చేపోయే బండ్లు తొక్కి గింజ రాలుస్తాయి. కానీ ఆ దారిలో పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు తప్ప తిరిగే బండే లేదు. యలమందయ్య ఉలవల మీదుగా పోయాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ పోయాడు.

"ఒట్టు పెట్టారు కదండీ!"

"రెండంటే రెండు చుట్లు."

రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. కోటిరత్నం తలుపు తోసుకుని దిగిపోయింది. "మీరూ మీ టైర్లే కాపురం చేసుకోండి!" అని రోడ్డు పక్కన నిలబడింది.

పంగలకర్రతో చెట్లు తిరగేస్తున్న ఖుర్షిదా నవ్వింది. "కోప్పడబాక వదినా. పాపం, అన్న టైర్లకు ఒట్టి తారు మీద వేడెక్కట్లేదంట. ఉలవకట్టె మీదైతే ఎక్కుద్దంట. సరేలే, నా పంట మీద తిప్పుకోమన్నా."

"ఆయన నిన్ను అడిగాడా?"

"బతిమాలుకున్నాడు వదినా! ముందటేడు మా ఆయన బుడే కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఉలవల మీద ట్రాక్టర్ ఊరికే తోలతానని వచ్చాడు. ఒకళ్ళ దగ్గర ఊరికే తీసుకునే అలవాటు నాకు లేదని ఎనక్కి పంపించా. మర్నాడే ఈ టైర్ల గొడవ చెప్పుకుని, నువ్వే సాయం చెయ్యాలన్నాడు. మనిషన్నాక ఆ మాత్రం సాయం చెయ్యమా?"

కోటిరత్నం బండి వైపు తిరిగింది. మాఘంలో ఈ నాలుగు రోజుల కోసం ఈ మనిషి ఏడాది పొడుగునా, నడి ఎండల్లో కూడా, ఊరందరి చేతా నవ్వించుకుంటూ తిరిగాడన్నమాట! ఆమెకు నవ్వూ, ఏడుపూ, మొగుణ్ణి ఒక్కటి మొత్తాలన్న కోరికా ఒక్కసారే వచ్చాయి.

యలమందయ్య బండి ఆపి, బెదురుతూ తల బయటపెట్టాడు. "ఎక్కు రత్నం. వేడెక్కినయ్. పోదాం."

ఉలవలు ఇంకా సగం నలగలేదు. మబ్బు నెత్తి మీదికొచ్చింది. ఇప్పుడు బయలుదేరితే తాళి వేళకు అందుకుంటారు. కోటిరత్నం పర్చూరు వైపు ఒకసారి చూసింది, మబ్బు వైపు ఒకసారి చూసింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఇంకో పంగలకర్ర అందుకుంది.

"ఎక్కడ వేడెక్కినయ్యండీ? చల్లగా చచ్చినయ్! తిప్పండి!"

యలమందయ్య ఆమెను చూశాడు, ఖుర్షిదాను చూశాడు. దొరికిపోయానని అర్థమై చెవులదాకా నవ్వుతూ బండి తిప్పాడు. గింజలన్నీ బస్తాలకెత్తి పట్టా కప్పేసరికి వాన మొదలైంది.

పర్చూరు చేరేసరికి తాళీ అయింది, తలంబ్రాలూ అయ్యాయి. పెళ్ళికూతుర్ని దగ్గరికి తీసుకుంటే కోటిరత్నానికి కళ్ళు చెమర్చాయి. అక్క నడుం మీద చేతులేసుకుని వచ్చింది.

"ఈసారీ ఆ టైర్లేనటే! ఏం మరిదీ, నీకు బుద్ధుందా?"

యలమందయ్య నేల చూపులు చూస్తున్నాడు. కోటిరత్నం జుట్టులోంచి ఉలవపొట్టు దులుపుకుంటూ ఇద్దరికీ మధ్యలో నిలబడింది.

"ఆయన్నేమీ అనకక్కా. ఆయన పోదామనే అన్నారు. అవి బాగా వేడెక్కందే కదలడానికి వీల్లేదని నేనే పట్టుబట్టా."

అక్క ఆమెను ఎగాదిగా చూసింది. "దీనికీ అంటుకుందిరా దేవుడా!" అని నెత్తి కొట్టుకుని, ఇద్దరినీ పక్కపక్కన విస్తళ్ళ ముందు కూర్చోబెట్టింది.