ముళ్లకంచె లోపల మొక్కజొన్న

మా నాన్న మలయాలో ఒక రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. ఆ పలుకుబడితోనే ఎస్టేటు బడిలో నాకు టీచరు పని దొరికింది. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న టౌనులో మా ఇల్లు, అక్కడి నుంచి బస్సులో వెళ్లేదాన్ని. అవి అక్కడ బ్రిటిషువాళ్లు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్లకు తిండి అందకూడదని కూలీల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. రబ్బరు పాలు తీయడానికి పోయేవాళ్ల సంచులు గేటు దగ్గర వెతికేవారు. మెతుకు బయటికి పోవడానికి వీల్లేదు.

అలాంటి చోట పాఠం చూస్తే పిల్‌గ్రిమ్‌ల గురించి. ఇంగ్లండు నుంచి ఓడలో అమెరికా చేరి, మొదటి చలికాలంలో ఆకలికీ జబ్బులకూ రాలిపోతున్నవాళ్లకు అక్కడివాళ్లు, వాంపనోగ్‌లు, మొక్కజొన్న వేయడం నేర్పారు. చలికాలం ఎలా ఉంటుందో నా పిల్లలకు తెలియదు, నాకూ తెలియదు. ఓడ సంగతి మాత్రం బాగా తెలుసు. వాళ్ల తాతలంతా వైజాగులో ఓడెక్కి వచ్చినవాళ్లే.

గింజ కింద ఎరువుగా చేపను పాతిపెట్టేవారని చదివానో లేదో, మనమూ వేద్దామని గోల మొదలైంది. మర్నాడు తలా ఒక పొట్లం తెచ్చారు. అన్నీ ఉప్పు చేప తలకాయలే! ఆ ఇళ్లల్లో చేపంటే అదే మరి. బడి వెనక భక్తిగా పాతాం. ఒక్క గింజా మొలవలేదు. పిల్లులు మాత్రం మా పిల్లలకన్నా క్రమంగా బడికి వచ్చాయి. ఉప్పు సంగతి నాకు ఆలస్యంగా వెలిగింది. రెండోసారి బజారు నుంచి పచ్చి చేపల చెత్త బస్సులో నేనే మోసుకొచ్చాను. ఆ రోజు నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. మొక్కజొన్న ఏపుగా పెరిగింది.

కంకులు వచ్చాక ఆ పాఠాన్నే నాటకం వేశాం. కంకులు పంచే వాంపనోగ్ తల్లి వేషం ఒక చిన్నపిల్లకు ఇచ్చాను. వాళ్ల అయ్య దాచి తీసుకుపోయిన తన అన్నం తోటలో, అడవిలోంచి వచ్చినవాడెవడికో పెట్టాడని పోలీసులు లారీలో తీసుకుపోయారు. అప్పటినుంచి ఆ పిల్ల ఎవరికీ ఏమీ ఇచ్చేది కాదు, పలక మీద రాసుకునే బలపం ముక్క కూడా. నాటకంలోనైనా ఆ గుప్పిట విప్పితే బాగుండునని నా ఆశ.

తల్లులు వచ్చి కూర్చున్నారు. గేటు దగ్గర సంచులు వెతికే మలాయి పోలీసు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అడగందే అమ్మయినా పెట్టదని నేను నేర్పినట్టే పిల్‌గ్రిమ్ పిల్లలు చేతులు చాపారు. ఆ పిల్ల కంకులను గుండెకు హత్తుకుంది.

"ఇవ్వను టీచరమ్మా. మా అయ్య ఇచ్చినాడు కదా, లారీ ఎక్కించినారు."

వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల తిన్నగా గుమ్మం దగ్గరికి నడిచి, ఆ పోలీసుకు కంకి చూపించి మలాయిలో అడిగింది, ఇవ్వొచ్చా అని. ఆయన టోపీ తీసేశాడు.

"బోలే లా," అన్నాడు. ఇవ్వొచ్చు అని.

అప్పుడు పంచింది, అందరికీ. ఆ క్షణంలో ఆ పిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

మరుసటి ఏడు నుంచి మా నాటకంలో పోలీసు వేషం ఒకటి చేరింది. వాంపనోగ్‌లకు గేటూ పోలీసూ ఉండేవని చిన్న తరగతి పిల్లలు గట్టిగా నమ్మారు. నేను దిద్దలేదు.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. ఆ తర్వాత గేటు దగ్గర వెతకడం ఆపేశారు. వాళ్ల అయ్యనూ వదిలిపెట్టారు. ఆ ఏడు నాటకానికి ఆయన వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు, చిక్కి సగమై. పక్కన ఆ పోలీసే, ఇప్పుడు ఉత్త చుట్టపుచూపుగా. కూతురు పొడుగెదిగింది, నాటకాల వయసు దాటింది. అయినా ఒక కంకి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన తినలేదు. గేటు వైపు చూశాడు.

"తిను అయ్యా. ఇప్పుడు ఎవులూ అడగరు."

ఆయన కంకిని రెండుగా విరిచాడు. సగం పక్కనున్న పోలీసు చేతిలో పెట్టి, మిగతా సగం తిన్నాడు.