ఇరవై ఏళ్ల ఒప్పందం, పదకొండు నెలల మనిషి

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో ఓ చిన్న పురపాలక పట్టణం ఉంది. దాని పేరుతో ఇక్కడ పని లేదు. ఆ ఊళ్లో తొమ్మిదో వార్డు చెత్త ఎత్తే మనిషి కనకరత్నం. వయసు నలభై ఏడు. ఇరవై రెండేళ్లుగా అదే వార్డు, అవే గుమ్మాలు. ఎవరింట్లో పసిబిడ్డ పుట్టిందో, ఎవరికి షుగరు సూదులు మొదలయ్యాయో డబ్బా చూసి చెప్పగలదు. కానీ చెప్పదు. ఒకరింటి సంగతి ఇంకొకరి గుమ్మంలో మాట్లాడకూడదని ఆమె నియమం.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని ఉత్తర్వు వచ్చినప్పుడు అధికారులు కరపత్రాలు పంచి చేతులు దులుపుకున్నారు. ఇంటింటికీ తిరిగి చెప్పింది కనకరత్నమే. అరటి తొక్క ఆకుపచ్చ డబ్బాలో, పాలపాకెట్టు నీలం డబ్బాలో. నువ్వా మాకు నేర్పేదని కసురుకున్నవాళ్లున్నారు, ముఖం మీదే తలుపు వేసినవాళ్లున్నారు. అందరికంటే మొండి మనిషి ఇందుమతి టీచరు. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పి రిటైరయిన ఆవిడ. కారణం చెబితే గాని చేయనంది. వేరు చేసిన చెత్త చివరికి ఎక్కడికి పోతుందని అడిగింది.

"ఎరువవుద్దండి టీచరుగారూ. రైతులు కొనుక్కుంటారు. మా తమ్ముడు కూడా అరటి తోటకి తోలుకుంటాడు" అంది కనకరత్నం.

మర్నాటి నుంచి ఇందుమతి పాలపాకెట్లు కడిగి, ఆరబెట్టి మరీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి వీధి వీధంతా దారికొచ్చింది. రెండేళ్లు పట్టింది కనకరత్నానికి ఆ పనికి. తన బతుకులో చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదేనని ఆమె లోలోపల అనుకునేది.

ఐదేళ్ల కిందట ఊరి చెత్తంతా ఒక ఏజెన్సీకి ఇరవై ఏళ్లకు రాసిచ్చారు. తోపుడు బండ్లు పోయి, పాట పాడుకుంటూ వచ్చే వ్యాన్లు వచ్చాయి. కార్మికులనూ ఏజెన్సీకే అప్పగించారు. అప్పటి నుంచి కనకరత్నం పదకొండు నెలలకోసారి పని ఒప్పందం కాగితం మీద సంతకం పెడుతోంది. అందులో ఏముందో చదవమని ఎవరూ అనలేదు, చదివే తీరికా ఇవ్వలేదు.

వ్యానులో తడికీ పొడికీ మధ్య ఒక రేకు ఉండేది. మొదటి ఏడాదే అది ఊడిపోయింది. మళ్లీ బిగించలేదు. రెండు డబ్బాలూ ఒకే కుప్పలో పడుతుంటే కనకరత్నం చెయ్యి వెనక్కి లాగేది. సూపర్‌వైజరు గోపీనాథ్‌ని అడిగితే, యార్డులో యంత్రం ఉందనీ, అక్కడ వేరు చేస్తారనీ చెప్పాడు. యార్డు ఊరికి ఆరు కిలోమీటర్ల దూరాన, బాపట్ల వైపు ఉంది. అక్కడికి వెళ్లే అవసరం ఆమెకు ఎప్పుడూ పడలేదు. నమ్మింది. అడిగిన ఇళ్లవాళ్లకీ అదే చెప్పింది.

ఈ ఏడాది వానలు మొదలైన వారానికి రేపల్లె దగ్గరి పల్లె నుంచి కబురొచ్చింది. తమ్ముడు రామకోటి తోటలో ఎరువు చల్లుతూ కాలు కోసుకున్నాడు. రెండు రోజులు పట్టించుకోలేదు. మూడో రోజుకి మోకాలి దాకా వాచింది. కనకరత్నం ఆసుపత్రిలో తమ్ముణ్ణి చూసి, అక్కణ్ణించి నేరుగా తోటకి వెళ్లింది. గట్టు మీద సగం ఖాళీ అయిన బస్తాలు. ఒకటి కుమ్మరించి వేళ్లతో కెలికింది. పగిలిన ట్యూబులైటు ముక్కలు, బ్లేళ్లు, పిల్లలకు కట్టే డైపర్ల పీలికలు, ఒక సూది. బస్తా మీద తన ఊరి పేరే అచ్చేసి ఉంది.

తిరిగి ఆసుపత్రికి వెళ్తే రామకోటి అన్నాడు. "మీ ఊరి ఎరువే అక్కా. నువ్వు చూసుకుని పంపించే చెత్త గదా అని కొన్నాను."

అతని మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెను కోసేసింది. తమ్ముడు తిట్టినా బాగుండేది.

మర్నాడు డ్యూటీ దిగగానే ఆటో కట్టించుకుని యార్డుకి వెళ్లింది. యంత్రం ఉన్న మాట నిజమే. దాని షెడ్డు తాళం తుప్పు పట్టి, తలుపుకి సాలీళ్లు గూళ్లు కట్టాయి. వ్యాన్లు వచ్చి ఒకే గుట్ట మీద కుమ్మరించి పోతున్నాయి. గుట్ట ఒక పక్క పొగలు కక్కుతోంది. ఇంకో పక్క ఇద్దరు మనుషులు గుట్ట అడుగు నుంచి నల్లమట్టి జల్లించి బస్తాలకెత్తుతున్నారు. కనకరత్నానికి తన వార్డు గుర్తొచ్చింది. రెండువందల నలభై ఇళ్ల గుమ్మాల్లో నిలబడి తను చెప్పిన మాటలన్నీ అబద్ధాలయ్యాయి. చెప్పించినవాళ్లు హాయిగా ఉన్నారు, చెప్పినది తను.

తెల్లారి ఇందుమతి గుమ్మంలో డబ్బా అందుకోకుండా నిలబడి, చూసినదంతా చెప్పేసింది. టీచరు ముఖం ఎర్రబడింది.

"అయితే ఐదేళ్లుగా నేను పాలపాకెట్లు కడిగిందెందుకు?"

తర్వాత టీచరే దారి వెతికింది. ఒప్పందాన్ని ఐదేళ్లకోసారి తిరిగి చూడాలన్న షరతు ఉందనీ, వచ్చే మంగళవారం కౌన్సిల్లో అది చర్చకు వస్తోందనీ, ఊరివాళ్లూ మాట్లాడొచ్చనీ చెప్పింది. తను వెళ్తానంది. అయితే కళ్లారా చూసిన మనిషి వేరే ఉందని కూడా అంది.

సంగతి గోపీనాథ్ చెవిన పడింది. అతను అరవలేదు, బెదిరించలేదు. ఈ నెలాఖరుకి ఆమె కాగితం గడువు అయిపోతుందని మాత్రం గుర్తుచేసి వెళ్లాడు.

మంగళవారం కౌన్సిల్ హాల్లో తెర మీద రంగురంగుల బొమ్మలు వేశారు. నూటికి నూరు శాతం వేరు చేస్తున్నామని ఏజెన్సీ మనిషి చదివాడు. ఇరవై ఏళ్ల ఒప్పందాన్ని మధ్యలో తెంచితే పరిహారం కట్టాల్సి వస్తుందని కమిషనర్ వివరించాడు. సభ్యులు తలలూపారు. టీచరు లేచి రెండు ముక్కలు మాట్లాడి, పక్కకి జరిగింది.

కనకరత్నం తోట నుంచి కట్టి తెచ్చిన ఎరువు మూట సంచిలోంచి తీసి, ఛైర్మన్ బల్ల మీద పేపరు పరిచి దాని మీద కుమ్మరించింది. గాజు ముక్కలు గలగలమన్నాయి.

"ఇది మీరమ్మే ఎరువండి. దీన్ని చల్లి మా తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు. వేరు చేసివ్వమని ఇంటింటికీ చెప్పి వాళ్లని నమ్మించింది నేను. నా చేత అబద్ధం ఆడించారు మీరు."

అధ్యక్షా అంటూ ఏజెన్సీ మనిషి లేవబోయాడు. ఆమె ఆగలేదు.

"ఇరవై రెండేళ్లుగా ఈ ఊరి చెత్త ఎత్తుతున్నానండి. నన్ను మాత్రం పదకొండు నెలలకే నమ్ముతారు. పని బాగోలేదంటే పన్నెండో నెల నేనుండను. వాళ్లు పని చేయకపోయినా ఇరవై ఏళ్లుంటారు. ఇదెక్కడి న్యాయమండీ? నాకిచ్చే కాగితమే వాళ్లకీ ఇవ్వండి."

ఛైర్మన్ ఆ కుప్ప వంక చూసి, చూపు తిప్పుకుని, నిర్ణయం పక్షం రోజులు వాయిదా వేశాడు.

నెలాఖరున ఆమె కాగితం తిరగరాయలేదు. ఎవరో పురిగొల్పితే పొరపాటుగా మాట్లాడానని రాసిస్తే చూద్దామని గోపీనాథ్ కబురు పెట్టాడు. ఆమె రాసివ్వలేదు. భర్త తెనాలి మార్కెట్టులో బస్తాలు మోసే మనిషి. ఒక్క మాట రాసిస్తే పోలా అని అతను రెండుసార్లు అన్నాడు. మూడోసారి ఆమె చూసిన చూపుకి ఊరుకున్నాడు.

తొమ్మిదో వార్డు మాత్రం ఊరుకోలేదు. వ్యాను పాట పాడుకుంటూ వస్తే ఒక్క గుమ్మం తెరుచుకోలేదు. తడి చెత్త పెరట్లో గోతుల్లో కప్పారు. పొడి చెత్త బస్తాలకెత్తి గోడవారన పేర్చారు. పెరడు లేని ఇళ్లవాళ్లు ముక్కు మూసుకుని భరించారు. మా మనిషిని తీసుకురండి, చెత్త తీసుకుపోండి అని ఇందుమతి డ్రైవరుకి రోజూ చెప్పి పంపేది. వారం తిరిగేసరికి పక్క రెండు వార్డులూ కలిశాయి.

వాయిదా వేసిన రోజున కౌన్సిల్ ఒప్పందాన్ని పదేళ్లకు తగ్గించింది. మూడు నెలల్లో యంత్రం నడవకపోతే రద్దేనని తీర్మానం రాసింది. ఏజెన్సీ కోర్టుకెళ్లింది. వ్యాజ్యం ఇంకా నడుస్తోంది. యంత్రం నడవడం లేదు. రామకోటికి రెండు కాలివేళ్లు తీసేశారు. ఏజెన్సీ తరఫున అతన్ని పలకరించడానికి ఈనాటి వరకూ ఎవరూ వెళ్లలేదు.

మూడు వార్డుల చెత్త కదలక, తీర్మానమైన మర్నాడే కనకరత్నాన్ని పిలిచి కొత్త కాగితం చేతికిచ్చాడు గోపీనాథ్. ఆమె అక్కడ సంతకం పెట్టకుండా ఇందుమతి వరండాలో కూర్చుని మొదటిసారి ప్రతి అక్షరం చదివింది. ఏజెన్సీ గురించి బయట మాట్లాడరాదని ఎనిమిదో షరతు. టీచరు దగ్గర పెన్ను అడిగి తీసుకుని ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద సంతకం చేసి పట్టుకెళ్లింది.

అలా కొట్టేయకూడదన్నాడు గోపీనాథ్.

"అయితే చెత్త నువ్వే ఎత్తుకో బాబూ" అంది ఆమె.

అతను కాగితం అటూ ఇటూ తిప్పి, ముద్ర వేసి సొరుగులో పెట్టుకున్నాడు.